పావుగంటకో పద్దు

వదిన బాథెల్‌లో లైసెన్సున్న మసాజ్ థెరపిస్టు. మరిది బెల్‌వ్యూలో ఒక ఆరోగ్య బీమా కంపెనీలో క్లెయిములు తిరగేసే ఉద్యోగి. ఆమె బిల్లులు పంపేది వేరే కంపెనీలకు, అతని బల్ల మీదికి రావు. అయినా ఆదివారం భోజనాల దగ్గర వీళ్లిద్దరికీ ఇంకో విషయం దొరకదు. సియాటిల్ చుట్టుపక్కల మెడనొప్పి లేని తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగి అరుదు కాబట్టి, ఈ గొడవ నలుగురికీ పనికొస్తుందని రాసిపెట్టాను. పేర్లు వద్దన్నారు. వరసలు చాలన్నారు.

మరిది: వదినా, కోప్పడకుండా వినండి. ఒళ్లు పట్టించుకోవడానికి బీమా ఎందుకివ్వాలి? గుండె ఆగినా, క్యాన్సరొచ్చినా ఒక్కడివల్ల కాని ఖర్చును పదిమందీ పంచుకుంటే అది బీమా. మెడ పట్టేసిందని నెలకు రెండుసార్లు వచ్చే మనిషికి అది కరెంటు బిల్లులాంటి ఖర్చు. ముందే తెలిసిన ఖర్చు. మసాజ్ గది మొహం ఎరగని స్పోకేన్ రైతు ప్రీమియం కూడా అందులో కరిగిపోతోంది.

వదిన: ఆ రైతుకే నడుం పట్టేస్తే ఎక్కడికి వెళ్లమంటావు?

మరిది: డాక్టరు దగ్గరికి.

వదిన: డాక్టరు ఏం చెప్పాలో 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ రాసింది. కొత్తగా వచ్చిన నడుంనొప్పికి ముందే మాత్రలకు పోవద్దు, కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్, వెన్ను సర్దడం చూడండి అంది. అది నా సంఘం మాట కాదు, డాక్టర్ల సంఘం మాట.

మరిది: అదే కాగితంలో మసాజ్ పక్కన, దీనికి సాక్ష్యం బలహీనం అని కూడా రాశారు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఇచ్చిన జాబితాలో యోగా ఉంది, తాయ్ చీ ఉంది, మసాజ్ లేదు. మీ దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ ఏళ్ల తరబడి రకమేగా?

వదిన: ఆ రకం మీద ఈ ఊళ్లోనే పరీక్ష జరిగిందయ్యా. గ్రూప్ హెల్త్ పరిశోధన సంస్థలో డేనియల్ చెర్కిన్ బృందం చేసింది, 2011లో అచ్చయింది. దీర్ఘకాలం నడుంనొప్పితో ఉన్న 401 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. ఒక జట్టుకు ఏ కండరం బిగిసిందో వెతికి చేసే మసాజ్. ఇంకో జట్టుకు స్పాలో చేసేలాంటి, సేదదీర్చే మసాజ్. వారానికొకటి చొప్పున పది వారాలు. రెండు మసాజ్ జట్లూ మామూలు వైద్యం జట్టు కంటే మెరుగ్గా లేచి తిరిగాయి.

మరిది: మిగతాది కూడా చెప్పండి. ఏడాది తిరిగేసరికి ఆ మేలు చాలావరకు కరిగిపోయింది. పైగా ఆ రెండు మసాజ్‌ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరి మీరు బిల్లు పంపే మసాజ్ వైద్యమనీ, స్పాలో చేసేది విలాసమనీ ఏ ఆధారంతో అంటారు?

వదిన: ఆ గీత గీసింది నేనా? నా నోట్‌లో 'రిలాక్సేషన్' అన్న మాట కనబడితే చాలు, చెల్లదని కొట్టేసేది మీరు. రెండింటి ఫలితమూ ఒకటే అయినప్పుడు ఆ మాట చూసి డబ్బు ఆపడమేమిటి?

ఈ ప్రశ్నకు మరిది దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదనుకుంటాను. బీమా కంపెనీకి చేతులు కనబడవు, కాగితం కనబడుతుంది. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, మెడ ఎంతవరకు తిరుగుతోంది, ఎన్ని వారాల్లో ఎంతవరకు తిరగాలి, ఎప్పుడు ఆపేస్తారు అన్నవి రాసి ఉంటే వైద్యం, లేకపోతే స్పా. కింద బల్ల అదే, నూనె అదే. వదిన చేతిపనికి డబ్బు ఇస్తున్నామని కంపెనీ అనుకోదు. ఆమె రాతకు ఇస్తుంది. ఈ సంగతి ఒప్పుకోని థెరపిస్టు బిల్లింగు జోలికి పోకపోవడమే మంచిది.

మరిది: సరే, ఆధారాల సంగతి వదిలేద్దాం. రాతలోనే జరిగే తమాషాలు చెప్పనా? మసాజ్‌కి కోడు 97124. పదిహేను నిమిషాలకు ఒక యూనిట్. కీళ్లు కదిలించడం, లాగి పట్టడం, లింఫు నీరు మళ్లించడం వగైరాలకు 97140. అదీ పదిహేను నిమిషాలకే. కొన్ని కంపెనీల్లో రెండోదానికి రేటు ఎక్కువ. అంతే, మెడ మీద చెయ్యి వేసినవాడల్లా 97140 రాస్తాడు.

వదిన: రాసేవాళ్లున్నారు, కాదనను. నేను రెండూ చేసిన రోజున ఏ పావుగంట దేనికో విడివిడిగా రాసి, రెండూ వేర్వేరు పనులని చెప్పే 59 మాడిఫయర్ పెట్టి పంపుతాను. అప్పటికీ ఒకటి ఇచ్చి ఒకటి కొట్టేసే కంపెనీలున్నాయి. ఆ నిమిషాల లెక్క సంగతి తెలుసుగా? 8 నుంచి 22 నిమిషాల దాకా ఒక యూనిట్, 37 దాకా రెండు, 52 దాకా మూడు, 52 దాటితేనే నాలుగు. స్పాల్లో గంట అని అమ్మేది యాభై నిమిషాలు. దానికి మూడు యూనిట్లే. నాలుగు రాస్తే దొంగతనం.

మరిది: ఆ మాట మీ నోట విన్నందుకు సంతోషం.

వదిన: సంతోషం తరవాత పడుదువు. ఈ ఎనిమిది నిమిషాల లెక్క ఎవరిది? మెడికేర్‌ది. ఆ మెడికేర్ మసాజ్ థెరపిస్టుకు పైసా ఇవ్వదు. అదే 97124ని ఫిజికల్ థెరపిస్టు తన చికిత్సలో భాగంగా చేసి బిల్లు పెడితే ఇస్తుంది. అరవై అయిదు దాటిన మనిషి మెడ మీద నా చెయ్యి పడితే సొంత ఖర్చు, పక్క గదిలో ఇంకొకరి చెయ్యి పడితే ప్రభుత్వ ఖర్చు. 2020 జనవరి నుంచి మానని నడుంనొప్పికి ఆక్యుపంక్చర్‌కి కూడా ఇస్తున్నారు, తొంభై రోజుల్లో పన్నెండు విజిట్ల దాకా. మమ్మల్ని మాత్రం గుమ్మం అవతలే నిలబెట్టారు.

మరిది: మెడికేర్ గుమ్మం సంగతి కాంగ్రెసును అడగాలి, నన్ను కాదు. ఈ రాష్ట్రంలో మీకు తెరిచిన గుమ్మం చాలా రాష్ట్రాల్లో లేదు, అదీ చూడండి.

అది నిజమే. 1995లో వాషింగ్టన్ శాసనసభ ఒక చట్టం చేసింది. 1996 జనవరి 1 నుంచి అమలు. లైసెన్సున్న ఏ కోవ వైద్యుణ్నైనా, వాళ్ల పరిధిలోకి వచ్చే జబ్బుకు, ఆరోగ్య ప్లాను మొత్తంగా తోసిపుచ్చకూడదని దాని సారం. అప్పటి బీమా కమిషనర్ డెబొరా సెన్ పట్టుబట్టి అమలు చేయిస్తే కంపెనీలు కోర్టుకెక్కాయి. 1997లో ఫెడరల్ న్యాయమూర్తి చట్టాన్ని కొట్టేశారు. 1998లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిప్పి, చట్టాన్ని నిలబెట్టింది. వదిన బతుకుతెరువు ఆ తీర్పు మీద నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

వదిన: గుమ్మం తెరిచారు గానీ గొళ్లెం మీ చేతిలోనే ఉంచారు. విజిట్లకు పరిమితి పెట్టుకోవచ్చు, డాక్టరు రిఫరల్ అడగొచ్చు, మా నెట్‌వర్కు నిండిపోయింది పొమ్మనొచ్చు. చట్టం వద్దనదు. ఒక కంపెనీ నెట్‌వర్కులో చోటు కోసం నేనెంత కాచుక్కూర్చున్నానో మీ అన్నయ్యనడుగు.

మరిది: అందరికీ చోటిస్తే ఖర్చు కట్టలు తెంచుకోదా?

వదిన: తెంచుకుంటుందని అప్పుడూ అన్నారు. తరవాత విశ్వవిద్యాలయం వాళ్లు లెక్క తీశారు. 2002 సంవత్సరానికి ఈ రాష్ట్రంలో 6 లక్షల మందికి పైగా సభ్యుల క్లెయిములు. కైరోప్రాక్టర్, మసాజ్, ఆక్యుపంక్చర్, నేచురోపతి, అన్నీ కలిపి వాడుకున్నవాళ్లు 13.7 శాతం. మొత్తం వైద్య ఖర్చులో ఆ నాలుగు వైద్యాల వాటా 2.9 శాతం. దానికేనా నీ స్పోకేన్ రైతు దివాలా తీసింది?

మరిది: (నవ్వి) రైతును వదిలేస్తాను. ఫ్లోరిడాని వదలను. అక్కడ కారు ప్రమాదాల్లో, తప్పెవరిదైనా సరే, సొంత పాలసీయే 10,000 డాలర్ల దాకా వైద్యానికిచ్చే పద్ధతి ఉంది, పీఐపీ అంటారు. దాన్ని పట్టుకుని కావాలని కార్లు గుద్దించుకుని, ఊరూరా క్లినిక్కులు తెరిచి, రోజూ మసాజ్ చేసినట్టు బిల్లులు పంపారు. 2012లో చట్టం మార్చారు. 2013 జనవరి 1 నుంచి అక్కడ పీఐపీ కింద మసాజ్‌కి, ఆక్యుపంక్చర్‌కి ఒక్క డాలరు రాదు. ఎవరు చేసినా రాదు. మేం ఆడిట్లు చేసేది మీమీద కక్షతో కాదు. ఇక్కడా ఆ గతి పట్టకూడదని.

వదిన: దొంగ క్లినిక్కు వాడు వేరే వ్యాపారం పెట్టుకున్నాడు. నిజంగా మెడ విరగ్గొట్టుకున్న వాడికి మసాజ్ పోయింది. అదీ మీ న్యాయం!

మరిది: శాసనసభ న్యాయం. కానీ చూడండి, మోసం ఎక్కువైన చోట మొదట పోయేది మీలాంటి వాళ్ల పనే. ఎందుకంటే అన్నిటికన్నా తేలిగ్గా కొట్టిపారేయగలిగింది అదే. ఎంఆర్ఐని ఎవరూ కొట్టిపారేయరు.

ఈ మాటకు వదిన కాసేపు ఊరుకుంది. గిన్నెలు సర్దుతూనే మళ్లీ మొదలెట్టింది. ఈసారి గొంతులో వాదన కంటే విసుగు ఎక్కువుంది.

వదిన: నువ్వు ఎంఆర్ఐ అన్నావు గనక చెబుతాను. ఎంఆర్ఐ వాడికి బిల్లు చేసేందుకు ఒక గది నిండా జనముంటారు. నాకు నేనే. ఒంటి మీద గంట, కీబోర్డు మీద అరగంట. రోగ నిర్ణయం చేసే హక్కు నాకు లేదు, కాబట్టి డాక్టరు రిఫరల్‌లో ఐసీడీ కోడు ఉండాలి. 2021 అక్టోబరు 1న నడుంనొప్పి కోడు ఎం54.5ని మూడు ముక్కలు చేశారు. డాక్టరు గారి ఆఫీసు పాత కోడే రాసి పంపింది. నా క్లెయిములు వెనక్కొచ్చాయి. సరిచేసిన రిఫరల్ పంపండి మహాప్రభో అని ఫోను చేస్తే, అవతల రికార్డు చేసిన గొంతు, నాకు సంగీతం. ఆ గంటకు ఏ కోడూ లేదు. చివరికి డబ్బు వస్తే నా రేటు రాదు, ఒప్పందపు రేటు వస్తుంది. మిగతాది పేషెంటును అడగకూడదు, కొట్టేసుకోవాలి.

మరిది: అడగకూడదన్నది పేషెంటు మంచికే.

వదిన: పేషెంటు మంచి నాకు చెప్పకు. ఇంకోటుంది. ఇచ్చిన డబ్బును కూడా వెనక్కి అడుగుతారు. నా స్నేహితురాలికి ఒక కంపెనీ ఏడాదిన్నర కిందటి విజిట్ల డబ్బు తిరిగి కట్టమని ఉత్తరం పంపింది. ఈ రాష్ట్రంలో రెండేళ్ల దాకా అలా అడగొచ్చని చట్టమే ఉంది. అద్దెకు, నూనెకు, ఇన్సూరెన్సుకు ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బది.

మరిది: ఎందుకడిగారు?

వదిన: నోట్స్ అన్నీ ఒకేలా ఉన్నాయట.

మరిది: ఉన్నాయా?

వదిన: ... ఉన్నాయనుకో. నొప్పి పదికి ఆరు, మెడ బిగువు, మసాజ్ చేశాను, తట్టుకుంది. ప్రతిసారీ అదే.

మరిది: పన్నెండు విజిట్ల తరవాత కూడా నొప్పి పదికి ఆరేనంటే, వదినా, నేనేమనుకోవాలి? మీ మసాజ్ పనిచేయలేదనా? చేయకుండా రాశారనా? ఈ రెండింట్లో ఏదైనా డబ్బు ఇవ్వక్కర్లేదనే చెబుతోంది.

వదిన: మూడోది నీకు తట్టదు. ఆవిడ అలసిపోయి, నిన్నటి నోట్‌ని కాపీ చేసిందని.

మరిది: అది నాకు తట్టినా, రాయడానికి నా ఫారంలో గడి లేదు.

(ఈ ఒక్క వాక్యానికి నేను మరిదిని క్షమించాను.)

వదిన: మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 'మా వాటా కోపే వదిలెయ్యండి అక్కా, మనం మనం తెలుగువాళ్లమే కదా' అంటారు. వదిలేస్తే ఏమవుతుందో తెలుసా అంటే నవ్వుతారు. ఇంకొకాయన తన విజిట్లు మిగిలాయి, వాళ్లావిడకు చేసి తన పేరు మీద రాయమన్నాడు. డిసెంబరొస్తే సరేసరి. నొప్పి ఉన్నా లేకపోయినా, మిగిలిన విజిట్లు పోతాయేమోనని ఊరంతా నా గదికే వస్తుంది.

మరిది: ఇందాక నేనన్నది ఇదే కదా! జబ్బు వస్తే వాడుకోవాల్సింది, గడువు దాటితే పోయే కూపన్ అయిపోయింది.

వదిన: అందుకే చెబుతున్నా విను. జనవరి నుంచి బీమాలన్నీ మానేస్తాను. గంటకింత, చేతిలో పెట్టు, బల్ల మీద పడుకో. కోడు లేదు, రిఫరల్ లేదు, నీ ఆడిట్ లేదు. రశీదు ఇస్తాను, డాక్టరు ఉత్తరం ఉంటే వాళ్ల హెచ్ఎస్ఏ డబ్బులోంచి తీసుకుంటారు.

ఇక్కడ నేననుకున్నది, మరిది చేతులెత్తి దండం పెట్టి 'మహాప్రసాదం' అంటాడని. మొదట్నుంచీ అతను కోరింది ఇదేగా. అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

మరిది: అది మాత్రం చేయకండి.

వదిన: ఏం? నీ రైతు ప్రీమియం మిగులుతుంది కదా.

మరిది: మిగలదు. మీరు పోతే మీ చోటు ఖాళీగా ఉండదు. ఒక్కో మనిషిని ఇరవై నిమిషాలు పడుకోబెట్టి నాలుగు యూనిట్లు రాసే క్లినిక్కు వస్తుంది. వాళ్లకు బిల్లింగు మనుషులుంటారు, నోట్స్ తయారుచేసే సాఫ్ట్‌వేరుంటుంది. కాగితం మీద మీకంటే శుభ్రంగా ఉంటారు. నిజాయితీపరులు విసిగి వెళ్లిపోతే నెట్‌వర్కులో మిగిలేది వాళ్లే. ఆ మిగిలినవాళ్ల క్లెయిములు చూసి రేపు ఒలింపియా శాసనసభలో ఎవరో ఒకరు లేచి, ఫ్లోరిడా చేసినట్టే చేద్దామంటారు.

వదిన: అంటే మీ కంపెనీ లెక్కలు చక్కగా కనబడ్డానికి నేను సగం రేటుకు పనిచెయ్యాలా?

మరిది: నాకోసం కాదు. మీ గదికి వచ్చే ఆ గిడ్డంగి పిల్లాడున్నాడే, పెట్టెలెత్తి భుజం పోగొట్టుకున్నవాడు. నగదు అంటే వాడు వస్తాడా?

వదిన: వాడు రాడు.

మరిది: సాఫ్ట్‌వేరు వాళ్లు వస్తారు. అది విలాసం అని నేనంటే మీకు కోపం. నగదుకే చేస్తానంటే మీరే దాన్ని విలాసం చేసినట్టు.

వదిన ఒప్పుకోలేదు. కానీ కాదని కూడా అనలేదు. పన్నెండేళ్ల మేనల్లుడు వచ్చి పెరుగు ఎక్కడుందని అడిగితే ఇద్దరూ ఒకేసారి ఫ్రిజ్ వైపు చూపించారు. తరవాత మాట సాఫ్ట్‌వేరు వాళ్ల ప్లాన్ల మీదికి మళ్లింది. అది విన్నాక, నా చుట్టూ ఉన్నవాళ్లలో ఎంతమందికి తమ బీమా కార్డు గురించి తెలుసో అనిపించింది.

వదిన: 'మన రాష్ట్రంలో మసాజ్‌కి ఇచ్చితీరాలట కదా' అని కార్డు పట్టుకొస్తారు. కార్డు మీద పెద్ద బీమా కంపెనీ గుర్తుంటుంది. క్లెయిము పంపితే 'ఈ ప్లానులో లేదు' అని వస్తుంది. నా మీద పడతారు.

మరిది: అది సొంత నిధి ప్లాను అయ్యుంటుంది. పెద్ద కంపెనీలు చాలావరకు అలాగే నడుపుతాయి. వైద్యం ఖర్చు ఉద్యోగమిచ్చిన కంపెనీదే. మేం గుమాస్తాలం, కాగితాలు చూసిపెడతాం, కార్డు మీద మా గుర్తు ఉంటుంది, అంతే. 1974 నాటి ఫెడరల్ చట్టం, ఈరీసా, ఆ ప్లాన్లను రాష్ట్ర చట్టాలకు దూరంగా పెట్టింది. మీ 1995 చట్టం వాళ్లకు వర్తించదు. వాళ్లు ఇస్తే దయ, ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు.

వదిన: కొందరు బాగానే ఇస్తారులే. కొందరివి చట్టం కింద ఉన్న ప్లాన్ల కంటే నయం.

మరిది: అదీ నిజమే. వాళ్లకి ఉద్యోగులు నిలవాలి.

చివరికి ఏం తేలిందంటే, రాజీ లాంటిదొకటి తేలింది. వదిన రెండు కంపెనీల నెట్‌వర్కులోనే ఉంటుంది. ఫోను ఎత్తేవాళ్లు, నెలలోపు డబ్బిచ్చేవాళ్లు అని ఆమె ఏరుకున్నవి. కారు ప్రమాదాల పీఐపీ కేసులు ఉంచుకుంటుంది. వాషింగ్టన్‌లో కారు బీమా అమ్మేవాళ్లు కనీసం 10,000 డాలర్ల వైద్య పీఐపీ ఇవ్వజూపాలి, వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దనాలి కాబట్టి ఆ డబ్బు చాలామంది పాలసీల్లో ఉంటుంది. మిగతా కంపెనీలకు జనవరిలో సెలవు. మరిది దీన్ని ఓటమి అన్నాడు. వదిన దీన్ని ఊపిరి అంది. నేనైతే వదిన పక్షమే, ఒక్క షరతు మీద. ఉంచుకున్న రెండు కంపెనీలకైనా ఏ రోజు నోట్ ఆ రోజే, ఆ మనిషి మెడ చూసి రాయాలి. మరిది మొత్తం వాదనలో కదిలించలేనిది అదొక్కటే.

చదివేవాళ్లలో వాషింగ్టన్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. మసాజ్‌కి మొదటి అపాయింట్‌మెంటు తీసుకునే ముందు కార్డు వెనక నంబరుకు ఫోను చేయండి. ప్లాను రాష్ట్ర చట్టం కిందిదా, మీ కంపెనీ సొంత నిధిదా అని అడగండి. రిఫరల్ కావాలా, డిడక్టబుల్ ముందు కట్టాలా అని అడగండి. మరచిపోకుండా, మసాజ్ విజిట్లూ ఫిజికల్ థెరపీ విజిట్లూ ఒకే లెక్కలో పడతాయా అని కూడా అడగండి. రెండిటినీ కలిపి ఏడాదికి ఇన్ని అని పెట్టే ప్లాన్లున్నాయి. అలాంటి ప్లానులో వసంతకాలమంతా మెడ పట్టించుకుని, అక్టోబరులో మోకాలి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఫిజికల్ థెరపీకి విజిట్లు మిగలవు.